నాన్నగారు నటించడం లేదు

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. అయిదు నెలల క్రితం మెదడులో ఎడమవైపు రక్తనాళం మూసుకుపోయి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి కొంత కుదుటపడింది గాని మాట పడిపోయింది. ‘నీళ్లు’ అనడానికి పెనుగులాడి పెనుగులాడి చివరికి చేత్తో చూపిస్తారు. అదే మనిషి ఒకటి నుంచి పది దాకా గడగడా లెక్కపెడతారు. పాత పాట ఎత్తుకుంటే పల్లవి మాతో కలిసి పాడతారు. కోపం వస్తే ఒక తిట్టు స్పష్టంగా వస్తుంది. ‘అవును’ అనవలసిన చోట ‘కాదు’ అంటారు. మొన్న ఇంటి ఖర్చుల పుస్తకంలో కూడిక తప్పయితే వేలు పెట్టి చూపించారు. ‘లెక్క వస్తుంది, పాట వస్తుంది, తిట్టు వస్తుంది, మనం అడిగినదానికి జవాబు మాత్రం రాదా? నటిస్తున్నారు’ అంటాడు మా అన్నయ్య. డాక్టరుగారు ‘బ్రోకా ప్రాంతం దెబ్బతింది’ అన్నారు. బ్రోకా ప్రాంతం మాట్లాడటానికి, వెర్నికే ప్రాంతం అర్థం చేసుకోవడానికి అని చదివాను. అలాగైతే మాటలన్నీ పోవాలి, అర్థం కావడం పూర్తిగా మిగలాలి. మా ఇంట్లో రెండూ జరగలేదు. ‘అక్కను తమ్ముడు పిలిచాడు’ లాంటి వాక్యం చెబితే ఎవరు ఎవరిని పిలిచారో తేల్చుకోలేకపోతున్నారు. పేపరు గంటసేపు పట్టుకు కూర్చుంటారు, చదువుతున్నారో లేదో తెలియదు. అసలు మెదడులో భాష ఎక్కడ ఉంటుంది? మేమేం చెయ్యాలి?

— ఒక కూతురు

జవాబు: మీ అన్నయ్య మాటతో మొదలుపెడతాను. అన్నిటికన్నా ముందు తేల్చవలసింది అదే. నాన్నగారు నటించడం లేదు. ఇంత గట్టిగా చెప్పడానికి నాకు ఆధారం మీ ఉత్తరమే. మాట రానట్టు నటించదలచుకున్న మనిషి పాట పాడడు, తిట్టు తిట్టడు, పది దాకా లెక్కపెట్టి దొరికిపోడు. ఏది పోయింది, ఏది మిగిలింది అని మీరు విడివిడిగా రాశారు చూడండి, అది 160 ఏళ్లుగా వైద్యులు రాసుకుంటూ వస్తున్న వివరాలతో అచ్చుగుద్దినట్టు సరిపోతోంది. మీ అన్నయ్యకు అనుమానం తెప్పించిన ఆ పొంతన లేనితనమే అసలు రోగలక్షణం.

ఈ స్థితిని అఫేజియా అంటారు. పక్షవాతం వచ్చినవారిలో దాదాపు ముగ్గురిలో ఒకరికి ఎంతో కొంత వస్తుంది. మనం మాత్రం ‘మాట పడిపోయింది’ అంటాం. ఆ పలుకుబడి నాకు ఇష్టం. పడిపోయిన వస్తువు ఎక్కడో ఒకచోట పడి ఉంటుంది గదా. నాన్నగారి మాటలు కూడా చాలామటుకు అక్కడే ఉన్నాయి. వాటిని అందుకునే దారులు తెగాయి.

మీరు చదివిన బ్రోకా, వెర్నికే కథ అబద్ధం కాదు, సగంలో ఆపేసిన కథ. 1861 ఏప్రిల్‌లో పారిస్ శివార్లలోని బిసెత్ర్ ఆసుపత్రిలో పాల్ బ్రోకా అనే శస్త్రవైద్యుడి దగ్గరికి లెబోర్న్ అనే 51 ఏళ్ల రోగిని తీసుకొచ్చారు. ఆయన అప్పటికి 21 ఏళ్లుగా ఆ ఆసుపత్రిలోనే ఉన్నాడు. ఏమడిగినా ‘టాన్, టాన్’ అనేవాడు, అందుకే అక్కడివాళ్లంతా ఆయనను టాన్ అని పిలిచేవారు. అడిగింది చాలావరకు అర్థమయ్యేది. స్వరం హెచ్చించి తగ్గించి, చేతులు తిప్పి తన భావం తెలిపేవాడు. ఎదుటివాళ్లకు అది అంతుపట్టకపోతే కోపమొచ్చి ఒక తిట్టు తిట్టేవాడు, అది మాత్రం స్పష్టంగా! (మీ నాన్నగారికి మంచి తోడు దొరికాడు.) కొద్దిరోజులకే లెబోర్న్ చనిపోయాడు. మెదడు తీసి చూస్తే ఎడమవైపు, ముందు భాగంలో కణతకు దగ్గరగా ఒకచోట మెత్తబడి గుంట పడి ఉంది. అదే ఏడాది లెలాంగ్ అనే ముసలాయన, మిగిలినవి అయిదు మాటలే, ఆయన మెదడులోనూ దాదాపు అక్కడే దెబ్బ. ఆ చోటికి బ్రోకా పేరు నిలిచిపోయింది. తరవాత 1874లో కార్ల్ వెర్నికే అనే జర్మన్ వైద్యుడు, నిండా పాతికేళ్లు దాటినవాడు, దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే జబ్బును వర్ణించాడు. ఈ రోగులు ధారాళంగా మాట్లాడతారు, వాక్యం తీరు, యాస అన్నీ బాగానే ఉంటాయి, అందులో అర్థం ఉండదు. మనమన్నదీ వారికి అందదు. ఆ దెబ్బ మరింత వెనక, చెవికి పైగా ఉండే మడతలో.

పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఇక్కడ ఆగుతాయి. ముందు గదిలో మాట, వెనక గదిలో అర్థం అని రెండు గదుల బొమ్మ గీసి ఊరుకుంటాయి. వెర్నికే అలా ఊరుకోలేదు. తనకు ముఖ్యమనిపించింది గదులకన్నా వాటి మధ్య దారి. గదులు రెండూ క్షేమంగా ఉండి దారి ఒక్కటే తెగితే మూడో రకం జబ్బు రావాలని ఊహించాడు. అలాంటి రోగులు నిజంగానే ఉన్నారు. చెప్పింది అర్థమవుతుంది, గడగడా మాట్లాడతారు, మీరన్న మాటను అన్నదన్నట్టు తిరిగి అనమంటే మాత్రం తడబడతారు. పుర్రె లోపల ముందు భాగానికీ వెనక భాగానికీ మధ్య విల్లులా వంగి పోయే నాడీతంతువుల కట్ట ఒకటి ఉంది. ఆర్క్యుయేట్ అని దాని పేరులోనే ఆ వంపు ఉంది.

అసలు విశేషం 2007లో బయటపడింది. బ్రోకా ఆ మెదళ్లను కోయకుండా పదిలపరిచాడు. దాదాపు 150 ఏళ్ల తరవాత నీనా డ్రాంకర్స్ అనే శాస్త్రవేత్త బృందం వాటిని ఎమ్మారై యంత్రంలో పెట్టి చూసింది. దెబ్బ పైకి కనిపించినదానికన్నా చాలా లోతుగా ఉంది. ముందు వెనకలను కలిపే ఆ తంతువుల దారి కూడా పాడైపోయింది. అంటే బ్రోకా ప్రాంతానికి పేరు తెచ్చిపెట్టిన రోగులలోనే దెబ్బ బ్రోకా ప్రాంతంతో ఆగలేదన్నమాట! ఆ ఒక్క ప్రాంతం మాత్రమే దెబ్బతిన్నవారికి మాట చాలావరకు త్వరగానే తిరిగివస్తుందని 1970లలోనే వైద్యులు గమనించి ఉన్నారు.

మీ డాక్టరుగారు తప్పు చెప్పలేదు, క్లుప్తంగా చెప్పారు. ఎడమ మెదడుకు రక్తం తెచ్చే పెద్ద ధమనికి ఒక పై కొమ్మ ఉంటుంది. అది బ్రోకా ప్రాంతాన్నీ, దాని వెనకే ఉన్న, చేతినీ ముఖాన్నీ కదిలించే పట్టీనీ, వాటి అడుగున పోయే తంతువులనూ కలిపి పోషిస్తుంది. మెదడు ఎడమ సగం ఒంటి కుడి సగాన్ని నడుపుతుంది. అందుకే కుడి చెయ్యీ మాటా ఒకేరోజు దెబ్బతిన్నాయి. కుడిచేతివాటం వారిలో దాదాపు 95 శాతం మందికి భాష ప్రధానంగా ఎడమవైపే, ఎడమచేతివాటం వారిలో సుమారు 70 శాతానికి అంతే.

ఇప్పుడు ‘నీళ్లు’ అనే మాట వెంట నడుద్దాం. దాహమేస్తోందా అని మీరు అడిగినప్పుడు ఆ శబ్దం రెండు చెవుల నుంచి మెదడు రెండు పక్కలా కణతల లోపలికి చేరుతుంది. అక్కడ మొదటి పని విడదీయడం. సెకనుకు పది, పదిహేను ధ్వనులు దొర్లిపోతుంటాయి. ‘తలుపు’ అన్నారా ‘తలపు’ అన్నారా, ‘పాలు’ అన్నారా ‘పలు’ అన్నారా అన్నది ఒక్క అచ్చు మీద, దాని నిడివి మీద ఆధారపడి ఉంటుంది. అక్కడి నుంచి దారి రెండుగా చీలుతుందని గ్రెగరీ హికాక్, డేవిడ్ పోపెల్ అనే శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. ఇవాళ్టి పరిశోధన చాలావరకు ఆ బాటలోనే నడుస్తోంది. కింది దారి కణత పొడవునా ముందుకు పోతూ శబ్దాన్ని అర్థంతో జోడిస్తుంది. పై దారి వెనక్కి వెళ్లి, వంపు తిరిగి ముందుకు వచ్చి, విన్న శబ్దాన్ని నోటి కదలికగా మారుస్తుంది. కొత్త మాట వినగానే అర్థం తెలియకపోయినా చిలకలా తిరిగి అనగలుగుతున్నామంటే ఈ పై దారి పుణ్యమే. నాన్నగారికి కింది దారి చాలావరకు బాగుంది, పై దారీ దాని ముందు కొసా దెబ్బతిన్నాయి. నేను స్కానింగు చూడలేదు, మీరు రాసిన లక్షణాలను బట్టి అంటున్నాను.

అర్థం కూడా ఒకచోట మూటకట్టి ఉండదు. నీళ్ల చల్లదనం, గ్లాసు ఆకారం, తాగే కదలిక, దాహం, ఇవన్నీ మెదడులో వేరువేరు చోట్ల ఉండే జ్ఞాపకాలు, ‘నీళ్లు’ అనగానే కలిసి మేలుకుంటాయి. ఇదెంత వేగంగా జరుగుతుందో 1980లో మార్తా కుటాస్, స్టీవెన్ హిల్యార్డ్ చూపించారు. తలమీద ఎలక్ట్రోడ్లు అంటించి, వాక్యాలను ఒక్కొక్క మాటగా తెరమీద వేశారు. పొంతన లేని మాట కనబడగానే దాదాపు 400 మిల్లీసెకన్లకు ఒక విద్యుత్ అల పైకి లేచింది. ‘దాహంగా ఉంది, గ్లాసుతో గోడ ఇవ్వు’ అని నేను రాశాననుకోండి, ‘గోడ’ దగ్గర మీ మెదడులో ఆ అల లేచే ఉంటుంది. మీరు ఆలోచించి తప్పు పట్టేలోపే మెదడు ఉలిక్కిపడుతుంది. వాక్యం పూర్తయ్యేదాకా ఆగి అర్థం చేసుకునే ఓపిక దానికి లేదు, రాబోయేదాన్ని ముందే ఊహిస్తూ పోతుంది. క్రియ చివరికి వచ్చే మన తెలుగులో ఈ పని మరీ ముచ్చటగా ఉంటుంది. ఎవరు, ఎవరిని, ఎక్కడ అన్నీ చేతిలో పట్టుకుని, క్రియ వచ్చేదాకా కింద పడకుండా మోయాలి.

మాట్లాడటం ఇంకొక పరుగు. ఒక బొమ్మ చూసి దాని పేరు చెప్పడానికి ఆరోగ్యవంతుడికి సుమారు 600 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ వ్యవధిలో భావం తేలాలి, దానికి తగిన మాట దొరకాలి, ఆ మాట శబ్దరూపం దొరకాలి, అక్షరాలుగా అమరాలి, పెదవులకూ నాలుకకూ ఊపిరికీ ఆజ్ఞలు వెళ్లాలి. మనకు కూడా ఒక్కోసారి మధ్యలో తెగుతుంది. ‘నాలుక చివరే ఉంది, రావడం లేదు’ అంటాం. అర్థం తెలుసు, మొదటి అక్షరం కూడా గుర్తున్నట్టే ఉంటుంది, మాట మాత్రం దొరకదు. నాన్నగారికి రోజంతా, ప్రతి మాటకూ అదే బాధ.

ఇందులో బ్రోకా ప్రాంతం పనేమిటని అడుగుతారు. శస్త్రచికిత్స కోసం మెదడు ఉపరితలం మీద ఎలక్ట్రోడ్లు అమర్చిన రోగులను పరిశీలించి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనం నన్ను చాలా ఆశ్చర్యపరిచింది. మాట పలకబోయే ముందు బ్రోకా ప్రాంతం చురుకుగా ఉంది. వెనకనున్న కణత భాగం నుంచి వచ్చిన శబ్దరూపాన్ని అందుకుని, నోటిని కదిలించే పట్టీకి అందించే పనిలో ఉంది. నోరు కదిలే వేళకు దాదాపు నిశ్శబ్దమైపోయింది! మాట్లాడే కేంద్రమని పేరుమోసిన చోటు మాట్లాడేటప్పుడు ఊరుకుంటోంది. అది నోరు కాదు, మధ్యవర్తి. మధ్యవర్తి మంచాన పడితే ఇటువాళ్లూ అటువాళ్లూ బాగానే ఉన్నా వ్యవహారం నడవదు.

ఇక మీ అన్నయ్య సాక్ష్యాలు ఒక్కొక్కటే చూద్దాం.

లెక్కపెట్టడం, పాట, తిట్టు మూడూ ఒక కోవలోవి. మనం అప్పటికప్పుడు కూర్చి చెప్పే వాక్యాలు వేరు, అరిగిపోయి అల్లుకుపోయిన మాటల గొలుసులు వేరు. 19వ శతాబ్దంలోనే ఇంగ్లండు వైద్యుడు హ్యూలింగ్స్ జాక్సన్ ఈ తేడాను పట్టుకున్నాడు. గొలుసులకు కొత్తగా ఏరి కూర్చే పని ఉండదు, ఒక కొస లాగితే మిగతాది దానంతటదే వస్తుంది. వీటిని నడపడంలో మెదడు కుడి సగానికీ, లోతున ఉండే బేసల్ గాంగ్లియా అనే ముద్దలకూ పెద్ద పాత్ర ఉంది. 1993లో దీనికి తిరగబడిన రోగిని వర్ణించారు. కుడివైపు బేసల్ గాంగ్లియాలో దెబ్బ తగిలింది. ఆయన మామూలుగా మాట్లాడగలిగాడు గాని చిన్నప్పటి నుంచి నోటికి వచ్చిన ప్రార్థనలూ పాటలూ పోయాయి, తిట్టడం కూడా చేతకాలేదు. మీ నాన్నగారినీ ఆయననూ పక్కపక్కన నిలబెడితే ఈ రెండు పనులూ వేరువేరు చోట్ల జరుగుతాయని తెలిసిపోతుంది. కావాలంటే ఇంట్లోనే చూడండి. పది దాకా లెక్కపెట్టమంటే పెడతారు. ‘మూడు’ ఒక్కటే చెప్పమంటే ఆగిపోతారు, లేదా ఒకటి, రెండు, మూడు అని మెట్లెక్కి అక్కడికి చేరతారు. గొలుసులోంచి ఒక పూస తీసివ్వడం ఆయనకు చేతకావడం లేదు. ఒక్కసారి చూసి ఊరుకోండి, ఆయనను పరీక్షల పాలు చేయకండి.

ఖర్చుల పుస్తకం సంగతి నాకు చాలా సంతోషం కలిగించింది. 2005లో రోజ్‌మేరీ వార్లీ బృందం తీవ్రమైన అఫేజియా ఉన్న ముగ్గురు పురుషులను పరీక్షించింది. ఎవరు ఎవరిని ఏం చేశారన్నది తిరగేస్తే అర్థం మారిపోయే వాక్యాలు, మీ అక్కా తమ్ముళ్ల వాక్యం లాంటివి, వాళ్లకు అందలేదు. పదిలోంచి అయిదు, అయిదులోంచి పది అని తిరగేసిన తీసివేతలు మాత్రం చక్కగా చేశారు. బ్రాకెట్ల లెక్కలు కూడా చేశారు. పైకి చూస్తే రెండూ ఒకే రకం పని, ముందు వెనకల తేడా పట్టుకోవడం. మెదడుకు మాత్రం అవి రెండు వేరువేరు శాఖలు. లెక్కలు చేస్తున్నప్పుడు భాషా ప్రాంతాలు దాదాపు ఊరికే ఉంటాయని స్కానింగులలోనూ కనిపిస్తుంది. కాబట్టి మీ అన్నయ్య చూపించిన సాక్ష్యం నాన్నగారి తెలివి చెక్కుచెదరలేదని రుజువు చేస్తోంది, నటనను కాదు.

అక్కా తమ్ముళ్ల వాక్యం దగ్గర కొంచెం ఆగుతాను. ‘నీళ్లు నాన్న తాగారు’ అంటే ఆయనకు చిక్కు రాదు, నీళ్లు నాన్నను తాగవు గదా, మాటల అర్థంతోనే బయటపడతారు. ‘అక్కను తమ్ముడు పిలిచాడు’ అన్నప్పుడు ఇద్దరిలో ఎవరైనా పిలవగలరు. ఇక ఆధారం ఆ చిన్న ‘ను’, క్రియ చివరి ‘డు’ మాత్రమే. చిన్న ప్రత్యయాలు పట్టుకుని వాక్యాన్ని విప్పాలంటే ముందు భాగమూ వెనక భాగమూ ఆ కొద్ది క్షణాలు కలిసి పనిచేయాలి. ఆ సాయం లేనప్పుడు రోగులు ముందు వినబడిన పేరునే పని చేసిన మనిషి అనుకుంటారు. బ్రోకా మాట్లాడటానికి, వెర్నికే అర్థానికి అన్న పంపకం కూలిపోయేది సరిగ్గా ఇక్కడే. మాట్లాడేటప్పుడు ఏ ప్రత్యయాలు జారిపోతున్నాయో వినేటప్పుడూ అవే జారిపోతున్నాయి. కాబట్టి మీరు ఆయనతో మాట్లాడేటప్పుడు పని చేసినవారిని ముందు చెప్పండి, వాక్యం పొట్టిగా ఉంచండి. అంతేగాని చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడకండి. గొంతు పెంచకండి కూడా, ఆయన చెవులకేమీ కాలేదు.

‘అవును’, ‘కాదు’ తారుమారు కావడం ఈ జబ్బులో అతి మామూలు. రెండూ పక్కపక్కన ఉండే మాటలు, ఒకదానికి చెయ్యి చాస్తే రెండోది అందుతుంది. తల ఊపడంలో కూడా ఈ పొరపాటు జరుగుతుంది. ముఖ్యమైన సంగతులలో, అంటే నొప్పి, మందులు, డబ్బు, సంతకం, ఒక్క జవాబుతో తృప్తిపడకండి. ‘నొప్పి ఉందా?’ అని అడిగాక, కాసేపాగి ‘నొప్పి లేదా?’ అని తిప్పి అడగండి. రెండు కార్డులమీద రెండు గుర్తులు వేసి వేలితో చూపించమంటే ఇంకా నయం.

పేపరు విషయం. చదవడానికి మెదడులో పుట్టుకతో వచ్చిన చోటు లేదు, లిపి పుట్టి 5,000 ఏళ్లు దాటిందేమో, పరిణామానికి అది కనురెప్పపాటు. చదువు నేర్చుకునేటప్పుడు ఎడమ మెదడు వెనక అడుగుభాగంలో, వస్తువులనూ ముఖాలనూ గుర్తించే ప్రాంతాల పక్కనే కొంత చోటును అక్షరాలకు మలుచుకుంటాం. అక్కడి నుంచి శబ్దానికి, అర్థానికి దారులు వేసుకుంటాం. ఆ దారి తెగితే ఏమవుతుందో 1892లో ఫ్రెంచి వైద్యుడు డెజెరీన్ రాసిన రోగి కథ చెబుతుంది. ఒకరోజు ఉన్నట్టుండి ఆయన ఒక్క ముక్క చదవలేకపోయాడు. మాట్లాడేవాడు, రాసేవాడు. తాను రాసింది తానే చదవలేకపోయేవాడు! అక్షరం మీద వేలు నడిపితే అదేమిటో తెలిసేది. చూపు బాగుంది, భాష బాగుంది, రెండిటినీ కలిపే వంతెన కూలింది. నాన్నగారిది ఇలాంటిదే అని నేననడం లేదు. అఫేజియా ఉన్నవారిలో చాలామంది శీర్షికలూ పేర్లూ గుర్తుపడతారు గాని పొడుగు వాక్యాల్లో తప్పిపోతారు. రెండు ఫొటోలు చూపించి, ఒక శీర్షిక రాసి, ఏది దేనిదో చూపించమనండి. ఎడమ మెదడు దెబ్బతో కొందరికి రెండు కళ్లలోనూ కుడివైపు చూపు తగ్గుతుంది, ఆ పరీక్ష కూడా చేయించండి. ఇంతకీ చదవకపోయినా పేపరు పట్టుకోనివ్వండి. రోజూ పేపరు చూసే మనిషిగా ఉండాలన్న కోరికను అఫేజియా చెరపలేదు.

మీ అన్నయ్యకు తప్పనిసరిగా చెప్పవలసిన మాట ఇంకొకటుంది. గొంతులోని కోపం, వెటకారం, ఆప్యాయత, ఇవి పట్టుకునే పని ఎక్కువగా కుడి మెదడుది. కుడివైపు దెబ్బతిన్నవారికి మాటలన్నీ అర్థమవుతాయి, హాస్యమో ఎత్తిపొడుపో మాత్రం అందదు. నాన్నగారికి కుడివైపు క్షేమంగా ఉంది. ‘నటిస్తున్నారు’ అన్న వాక్యంలో ఏ ప్రత్యయం ఆయనకు అందినా అందకపోయినా అది అన్న తీరు మొత్తంగా అందుతుంది. ఆయన గదిలో ఉండగా ఆయన లేనట్టు ఆయన గురించి మాట్లాడటం ఇవాళే మానేయండి.

ఏం చేయాలన్నారు. మొదట స్పీచ్ థెరపిస్టును పట్టుకోండి, మొదలుపెట్టి ఉంటే గంటలు పెంచమని అడగండి. కోలుకోవడం మొదటి నెలల్లో వేగంగా ఉంటుంది, తరవాత నెమ్మదిస్తుంది, ఆగిపోదు. పక్షవాతం వచ్చి ఆరు నెలలు దాటిన 156 మందితో జర్మనీలో చేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, వారానికి కనీసం పది గంటల చొప్పున మూడు వారాలు గట్టిగా సాధన చేయిస్తే రోజువారీ సంభాషణ మెరుగుపడింది. అయిదు నెలలైపోయింది, ఇక ఇంతే అని ఎవరైనా అంటే నమ్మకండి.

పాటను వాడుకోండి, అయితే పాట పాడించినంత మాత్రాన మాట వస్తుందని ఆశపెట్టుకోకండి. 1973లో అమెరికాలో మొదలైన మెలోడిక్ ఇంటోనేషన్ థెరపీ అనే పద్ధతిలో ‘నీళ్లు కావాలి’ లాంటి పనికొచ్చే చిన్న వాక్యాన్ని రెండు స్వరాలలో సాగదీసి, ఎడమ చేత్తో తాళం వేస్తూ అనిపిస్తారు. నోటికి పట్టాక రాగాన్ని కొంచెం కొంచెంగా తీసేస్తారు. పల్లవి పాడగలిగే నాన్నగారి లాంటివారికి ఇది పనికొస్తుందో లేదో థెరపిస్టును అడగండి.

ఇంట్లో చేయదగినది ఇది. టీవీ ఆపి, ఒకరే మాట్లాడండి. ‘ఏం కావాలి?’ అని అడగకుండా రెండు వస్తువులు చూపించి ‘నీళ్లా, పాలా?’ అనండి. మాట దగ్గర చిక్కుకున్నప్పుడు మొదటి అక్షరం ‘నీ...’ అని అందించండి, చాలాసార్లు మిగతాది దొర్లుకుంటూ వస్తుంది. చేతి సైగ, బొమ్మ, ముఖకవళిక ఏదైనా జవాబే, ‘నోటితో చెబితేనే ఇస్తాను’ అనే పంతం వద్దు. ఎప్పుడూ దిగులుగా, ఎవరితోనూ కలవకుండా ఉంటే డాక్టరుకు చెప్పండి, పక్షవాతం తరవాత కుంగుబాటు సామాన్యం, దానికి మందు ఉంది. ఉన్నట్టుండి మాట గాని చెయ్యి గాని ఇంకా తగ్గితే, ముఖం ఒకపక్కకు జారితే, ఒక్క నిమిషం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

అన్నిటికన్నా కష్టమైనది ఆగడం. మామూలు సంభాషణలో ఒకరు ముగించాక రెండోవారు అందుకోవడానికి సగటున సెకనులో అయిదో వంతే పడుతుందని పది భాషలను పోల్చిన ఒక అధ్యయనంలో తేలింది. అంటే ఎదుటివారు ముగించకముందే మన జవాబు తయారవుతోందన్నమాట. ఆ వేగానికి అలవాటుపడ్డ మనకు మూడు సెకన్ల మౌనం యుగంలా ఉంటుంది, మధ్యలో దూరి మనమే మాట పూర్తి చేసేస్తాం. మీ అన్నయ్యను సాయంత్రం ఒక పావుగంట నాన్నగారి పక్కన కూర్చోమనండి. రెండు వస్తువులు చూపించి ఒక ప్రశ్న అడగమనండి. అడిగాక నోరు మూసుకుని, మనసులో ఒకటి నుంచి పది దాకా, నాన్నగారు లెక్కపెట్టినట్టు గడగడా కాకుండా, నెమ్మదిగా లెక్కపెట్టమనండి. జవాబు ఏడు దగ్గర రావచ్చు, తొమ్మిది దగ్గర రావచ్చు. పదయినా రాకపోతే ‘నీ...’ అని అందించి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టమనండి.